హారతి నిలవని కారు

కోనసీమ చూసొచ్చినవాళ్లు కొబ్బరితోటల గురించి చెబుతారు, కాలువగట్ల గురించి చెబుతారు, గోదావరి మీద పొద్దుగుంకడం గురించి అరగంట చెబుతారు. నేను అవేవీ సరిగ్గా చూడలేదు. రావులపాలెంలో హైవే దిగిన దగ్గర్నుంచీ నా చూపంతా స్టీరింగు వెనకున్న ఓ చిన్న ముల్లు మీదే ఉంది. ఇంజను ఎంత వేడెక్కిందో చెప్పే ముల్లది. ఎడమ చివర నీలం గీత, కుడి చివర ఎర్ర గీత. నా యాత్ర మొత్తం ఆ రెండు గీతల మధ్య జరిగింది. కాబట్టి పచ్చదనం కావలసినవాళ్లు ఇంకెవరినైనా అడగండి. వేడి గురించి అయితే నేను చెబుతాను.

ఇది తొంభైల చివర్లో సంగతి. సెల్‌ఫోన్లు ఇంకా మా బోటివాళ్ల జేబుల్లోకి రాలేదు. హైదరాబాదులో మా పక్కింటివాళ్ల ఫోనుకి ఓ సాయంత్రం మా బావమరిది బాబ్జీ ఫోను చేశాడు. "అమ్మ ఒప్పుకుందండి బావగారూ. కానీ ఒక షరతు పెట్టిందండి," అన్నాడు.

ఆ అమ్మ సుబ్బాయమ్మ గారు. మా ఆవిడకి పెద్దమ్మ, నాకు అత్తయ్యగారు. రాజోలు పక్కన ఓ పల్లెటూళ్లో కొడుకు బాబ్జీ దగ్గర ఉంటారు. రెండు కళ్లకీ శుక్లాలు. కుడికన్నుది బాగా ముదిరిపోయిందనీ, ఈ చలికాలం దాటితే ఆ కంటి మీద ఆశ వదులుకోవడమేననీ డాక్టరు చెప్పేశాడు. ప్రతి చలికాలం ఆపరేషనుకి బయల్దేరడం, గుమ్మం దాటకుండానే వెనక్కి రావడం ఆవిడకి అలవాటైపోయింది. ఒక ఏడు పిల్లి ఎదురొచ్చింది. ఒక ఏడు ఎవరో తుమ్మారు. పోయిన ఏడు ఆటో చక్రం పంచరైతే, "దేవుడికే ఇష్టం లేదురా" అని దిగి లోపలికెళ్లి పప్పు రుబ్బుకున్నారట. ఈసారి ఇంట్లో అందరూ కలిసి మీద పడేసరికి, "అల్లుడుగారి కారైతే ఎక్కుతాను" అన్నారు. నేను కారు కొన్నానని ఆవిడకి తెలుసు. దాన్ని రాజోలు దాకా తెచ్చేంత తెగింపు నాకు లేదనీ తెలుసు.

"ఈసారి కారు ఆగిందంటే పెద్దమ్మ కన్ను పోయినట్టే. ఆలోచించుకోండి," అంది మా ఆవిడ. ఆలోచించుకోమంటే మా ఇంట్లో అర్థం, పెట్టె సర్దుకోమని.

కారు సెకండ్ హ్యాండుది, తెల్లటి చిన్న కారు. అమ్మినాయన నాకు ఆఫీసులో స్నేహితుడు. "ఇది నన్ను ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు" అన్నాడు. అబద్ధమేమీ కాదు. ఆయన దాన్ని షెడ్డులోంచి బయటికి తీస్తే కదా.

రావులపాలెంలో టిఫిను

నేనూ మా ఆవిడా బయల్దేరాం. హైవే మీద ఏ బాధా లేదు. ఎదురుగాలి కొడుతోంది, ముల్లు మధ్యలో బుద్ధిగా కూర్చుంది. రావులపాలెంలో హైవే వదిలి లోపలి రోడ్డు ఎక్కాను. ముందు కొబ్బరికాయల లోడుతో ఓ ట్రాక్టరు, దాని ముందు గేదెలు. నడిచి వెళ్లేవాళ్లు మమ్మల్ని దాటి వెళ్తున్నారు. ముల్లు నెమ్మదిగా లేచి ఎర్రగీత వైపు నడిచింది. టిఫిను హోటలు ముందు ఆపేసరికి బోనెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది.

హైదరాబాదులో మన కారు ఆగితే వెనక నలుగురు హారన్లు కొడతారు. ఇక్కడా నలుగురు వచ్చారు గానీ, ఎవరూ కారు వంక చూడలేదు. ఏ ఊరు, ఎవరింటికి, పిల్లలెంతమంది అన్నీ కనుక్కున్నారు. ఆ తర్వాత తెల్ల పంచె కట్టుకున్న ఓ పెద్దాయన బోనెట్ మీద చెయ్యి వేసి చూశాడు.

"వేడి చేసిందండి. దూరం నుంచి వచ్చేరు కదండి, చేస్తుందండి. ముందు మీరు టిఫిను చెయ్యండి."

"ఇంజను సంగతి చూడొద్దాండీ?"

"ఆయ్, చూద్దామండి. అదెక్కడికి పోతుందండి, మీరు తిన్నాక దాన్ని చూద్దామండి."

కోనసీమలో దేనికైనా 'అలాగే' అనాలంటే 'ఆయ్' అంటారు. పెసరట్టులో ఉప్మా పెట్టి, పైన అల్లం పచ్చడి వేసి తెచ్చారు. నేను రెండో అట్టులో ఉండగా ఒకాయన చెక్కిన బొండం పట్టుకుని వచ్చాడు. హైదరాబాదులో ఒక బొండానికి ఇచ్చే డబ్బుకి ఇక్కడ మూడొస్తాయి. "చలవండి. ఇంజన్లో పోసేద్దామంటారా?" అని అడిగాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వేళాకోళం ఏమీ లేదు. నేను కంగారుగా బొండం అందుకుని తాగేశాను. దాంతో ఆయన సంతోషించాడు.

వేడి మీదుండగా రేడియేటరు మూత తియ్యకూడదని కారుతో వచ్చిన పుస్తకంలో రాసుంది. ఆ పుస్తకాన్ని నేను రెండుసార్లు చదివాను. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచేలోపే పంచె పెద్దాయన "మీరు శ్రమపడకండి" అంటూ తువ్వాలు వేసి మూత తిప్పేశాడు. లేచిన నీళ్లు ఆయన్ని వదిలిపెట్టి నా చొక్కా మీద పడ్డాయి. మూత లూజుగా ఉందని అందరూ తేల్చారు. పక్క దుకాణంలో కొత్త మూత కొన్నాం. మూతదే తప్పయినందుకు అందరం ఊపిరి పీల్చుకుని కొత్తపేట బయల్దేరాం.

కొత్తపేట, చలిదేశాల ముక్క

కొత్తపేట దాకా మూత బాగానే ఉంది. ముల్లే బాగాలేదు. సెంటర్లో బస్సు వెనక ఆగిన కాసేపటికే మళ్లీ ఎర్రగీత. పక్కనే మెకానిక్ షెడ్డు కనిపించింది. అక్కడ బెంచీ మీద కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఓ కుర్రాడు చేతికి బంగారు గొలుసుతో కూర్చుని ఉన్నాడు. అతని పనేమీ లేదు, షెడ్డుకి శోభ.

"కువైట్లో అయితేనండి, ఇలాంటి బండిని ఎడారిలో వదిలేసి కొత్తది కొనుక్కుంటారండి," అన్నాడు నా వంక జాలిగా చూసి.

మెకానిక్కు మాత్రం ఓర్పు గల మనిషి. మూత చూశాడు. "రావులపాలెంలో వేయించేరాండి? మంచి పని చేసేరండి," అని, ఇంజను పక్కన ఓ గొట్టం ఊడదీసి, లోపల్నుంచి రూపాయి బిళ్లకి రెండింతలుండే ఇత్తడి ముక్క బయటికి తీశాడు. థర్మోస్టాట్ వాల్వు. ఇంజను వేడెక్కేదాకా నీళ్లని ఆపి, వేడెక్కాక వదిలేదట.

"ఇది చలిదేశాలకండి. మనకెందుకండి, పుట్టుకే వేడి కదండి మనది."

"తీసేస్తే ఏమీ కాదాండీ?"

"ఆయ్, ఏం కాదండి. నీళ్లు ఫ్రీగా తిరుగుతాయండి."

ఆ ముక్కని తుడిచి, దినపత్రికలో పొట్లం కట్టి, పీకిన పన్ను ఇచ్చినట్టు నా చేతిలో పెట్టాడు. నేను జేబులో వేసుకున్నాను. ఇప్పటికీ అది నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఉద్యోగం చేస్తోంది.

అమలాపురం మేస్త్రిగారు

అమలాపురం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నీళ్లు ఫ్రీగా తిరుగుతూ ఫ్రీగా మరుగుతున్నాయి. ఎవరినడిగినా "మేస్త్రిగారి దగ్గరికెళ్లండి" అన్నారు. కార్ల కరెంటు పనిలో కోనసీమ అంతటికీ ఆయన పెద్ద. నెరిసిన జుట్టు, నుదుట విభూతి, చెవి మీద టెస్టరు. ఆయన ఎవరి పనినీ విమర్శించలేదు. మూత బాగుందన్నారు, వాల్వు తియ్యడం మంచిదన్నారు. ఆ తర్వాత ఇంజను స్టార్టు చేయించి, రేడియేటరు వెనకాల ఉన్న కరెంటు ఫ్యాను వంక చాలాసేపు చూశారు.

"అసలు ఫ్యానే తిరగట్లేదండి."

"మరి ఇంతమంది చూశారు, ఎవరూ చెప్పలేదేమండీ?"

"చూసే ఉంటారండి. దూరం నుంచి వచ్చిన మనిషికి అన్ని దోషాలూ ఒకేసారి చెప్పడం బాగోదని ఊరుకుని ఉంటారండి."

నిదానంగా వెళ్లేటప్పుడు బయటి గాలి చాలదు, అప్పుడు ఈ ఫ్యాను తిరిగి రేడియేటరుకి గాలి అందించాలి. వేడిని కనిపెట్టి దాన్ని తిప్పే స్విచ్చు పాడైందట. కొత్తది కాకినాడ నుంచి రావాలి. మేస్త్రిగారు దానికోసం ఎదురుచూసే రకం కాదు. రెండు వైర్లు లాగి డైరెక్టు ఇచ్చేశారు. "తాళం తిప్పితే తిరుగుతుందండి, తీస్తే ఆగుతుందండి. మధ్యలో దాని సొంత తెలివేమీ ఉండదండి," అన్నారు.

ఫ్యాను రయ్యిమని తిరిగింది. ఆయన నన్ను కారు ముందుకి తీసుకొచ్చి, "ఇలా చెయ్యి పెట్టండి" అన్నారు. పెట్టాను. మొహం మీదికి కూడా గాలి కొట్టింది. మా ఆవిడ వచ్చి పెట్టింది. టీకొట్టులోంచి ఇద్దరు లేచొచ్చి పెట్టారు. "ఎండాకాలంలో అయితే దీని ముందు మంచం వేసుకోవచ్చండి," అన్నాడు ఒకాయన. అంత గాలి వస్తున్న కారు ఇక ఎందుకు వేడెక్కుతుందనిపించింది. అందరం మేస్త్రిగారిని మెచ్చుకున్నాం.

అంబాజీపేటలో ఎండుకొబ్బరి వాసన వచ్చింది, ముల్లు లేచింది. గన్నవరం అక్విడక్టు దగ్గరికొచ్చేసరికి ఎర్రగీతని ముట్టుకుంది. కింద గోదావరి పాయ, దాని మీదుగా కాలువ అడ్డంగా దాటిపోతోంది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో వచ్చి చూడాల్సిన చోటు. నేను బోనెట్ తెరిచి, ఆ వింతకి వీపు పెట్టి నిలబడి ఇంజను చల్లారడం చూశాను.

పొద్దుగూకే వేళకి బాబ్జీ వాళ్ల వాకిట్లో ఆగాం. ఆవిరి బుస్సుమంది. అరుగు మీద కూర్చున్న అత్తయ్యగారు తల తిప్పి, "కుక్కరెవరు పెట్టేరే?" అని కోడల్ని కేకేశారు.

పనసపొట్టు

మర్నాడు మంగళవారం. మంగళవారం నాడు ఎవరూ ఆసుపత్రికి బయల్దేరరు. డాక్టరు కూడా కాకినాడ నుంచి అమలాపురం ఆసుపత్రికి గురువారమే వస్తాడు, బుధవారం సాయంత్రానికి చేరమన్నారు. మళ్లీ ఆయన వచ్చేది నెల తర్వాతే. కాబట్టి మంగళవారమంతా నాకు తినడమే పని.

వాళ్ల మర్యాద భరించడానికి ఆరోగ్యం కావాలి. పొద్దున్నే వేన్నీళ్లు పెట్టి నాకు తలంటు పోశారు. అదే నూతి నుంచి రెండు బిందెలు తెచ్చి కారుకీ పోశారు. మా హైదరాబాదులో చుట్టమొస్తే ఎప్పుడెళతారో మాటల్లో తెలుసుకుంటాం. ఇక్కడ వెళ్లే మాట ఎత్తితే వినపడనట్టు మజ్జిగ తెచ్చిస్తారు.

అత్తయ్యగారు పెరట్లో పీట వేసుకుని లేత పనసకాయని కత్తితో పొట్టు కొడుతున్నారు. చేతికి నూనె, కత్తికి నూనె. కత్తి పడిన చప్పుడు వింటూ కాయ తిప్పుకుంటున్నారు.

"వేలు తెగుతుందేమోనండీ, అత్తయ్యగారూ."

"మీరాండి అల్లుడుగారూ. కూర్చోండి. చెయ్యి ఎక్కడుందో చేతికి తెలుసండి. మనుషులే తెలియట్లేదండి. మీరిప్పుడు నాకు తెల్లగా ఓ గోడలా కనపడుతున్నారండి."

కాసేపు పొట్టు కొట్టారు. తర్వాత కత్తి పక్కన పెట్టి, నెమ్మదిగా అన్నారు: "పిల్లి వచ్చిందనీ, తుమ్మేరనీ నేను ఆగిపోతానని అందరూ నవ్వుకుంటారండి. నాకు తెలుసండి. కన్ను కోస్తారంటే భయమండి. ఉన్న మసకైనా మిగిలింది కదండి. అదీ పోతే, ఈ పెరడు కూడా పోతుంది కదండి నాకు."

ఆవిడ శకునాల గురించి దారంతా మేము వేసుకున్న జోకులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. "మా కారులో జాగ్రత్తగా తీసుకెళ్తామండీ," అన్నాను. అనగానే కారు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరూ అనలేదు, అందరం రెండోసారి వేయించుకున్నాం.

బుధవారం పొద్దున

రాజోలు నుంచి సత్తిబాబు అనే మెకానిక్కుని బాబ్జీ పిలుచుకొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, చురుకైన మనిషి. పైపులన్నీ నొక్కి చూశాడు. రేడియేటరులోకి నీళ్లు కొట్టి కడిగాడు. బెల్టు బిగించాడు. ఫ్యాను దగ్గరికొచ్చేసరికి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది అమలాపురం మేస్త్రిగారి చెయ్యి కదండి?"

"మీకెలా తెలుసు?"

"వైరు ముడి చూస్తే తెలీదాండి. నా గురువుగారండి. ఆయన దగ్గరే పని నేర్చుకున్నానండి." వైరుని ఒక వేలితో తాకి ఆ వేలు కళ్లకద్దుకున్నాడు. "ఇక దీన్ని చూడక్కర్లేదండి."

కారు మొత్తంలో అతను చూడనిది ఆ ఒక్క ఫ్యానే. అన్నీ చూశాక కాలువ లాకు దాకా తోలుకెళ్లి తిరిగొచ్చాడు. ముల్లు ఎర్రగీత మీద ఉంది. సత్తిబాబు చేతులు తుడుచుకుంటూ, "ఇంజను హెడ్డు దింపి చూడాలండి. మూడు నాలుగు రోజులు పడుతుందండి," అన్నాడు.

బాబ్జీ నా వంక చూశాడు. నేను మా ఆవిడ వంక చూశాను. ఆటో పిలుద్దామని బాబ్జీ గొంతు తగ్గించి అన్నాడు. చూపు లేని వాళ్లకి చెవులు ఎక్కువ. అరుగు మీంచి అత్తయ్యగారు, "మాటంటే మాటేరా. కారైతే వస్తాను. కారు కాకపోతే వచ్చే ఏడు చూద్దాం," అన్నారు. వచ్చే ఏడాదికి ఆ కన్ను ఉండదని అందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు.

చివరికి మా ఆవిడే తేల్చింది. వెనక సీట్లో కాళ్ల దగ్గర నాలుగు బిందెల నీళ్లు పెట్టుకుని, మైలుకోసారి ఆపి చల్లార్చుకుంటూ వెళ్దామంది. అలా వెళితే ఇంజను పోవచ్చన్నాడు సత్తిబాబు. "పోనివ్వండి," అంది. కారు నా పేరు మీద ఉంది. అయినా బిందెలు పట్టుకుని నూతి దగ్గరికి నేనే వెళ్లాను.

అత్తయ్యగారిని ముందు సీట్లో కూర్చోబెట్టాం. వీధివీధంతా వచ్చింది. మళ్లీ స్టార్టు కాదేమోనని నేను ఇంజను ఆపలేదు. మా ఆవిడ పళ్లెంలో కర్పూరం వెలిగించి, రెండు అగరొత్తులు గుచ్చి, కారు మొహానికి హారతి పట్టింది. హారతి ఆరిపోయింది.

"గాలండి," అన్నారెవరో. కొబ్బరాకు కదలడం లేదు. మళ్లీ వెలిగించారు. ఈసారి బాబ్జీ భార్య వీధి వైపు పైట అడ్డుపెట్టింది. ఆరిపోయింది. మూడోసారి బాబ్జీ, సత్తిబాబు చెరో పక్కా గోడల్లా నిలబడ్డారు. పళ్లెం కారు దగ్గరికి వెళ్లగానే మంట వెనక్కి పడుకుని, మా ఆవిడ చేతి మీదికి వచ్చి ఆరిపోయింది.

మూడుసార్లు. పిల్లినీ తుమ్మునీ కొట్టిపారెయ్యొచ్చు గానీ, ఇంతమంది ఎదట దేవుడి హారతి మూడుసార్లు ఆరిపోతే ఎవరు మాత్రం ఏమంటారు? పుస్తకాలు చదివిన నేను కూడా చెప్పులు విప్పేశాను.

"ఏమైందే అమ్మలూ? నిలవలేదా?" అంటూ అత్తయ్యగారు తలుపు తీసుకుని దిగారు. ఆవిడ మొహంలో ఊరట కనిపించింది. దాని వెనకే దిగులూ కనిపించింది. ఈసారి నిజంగానే వెళ్దామని మనసు గట్టి చేసుకున్నారని అప్పుడర్థమైంది నాకు. బోనెట్ తడుముకుంటూ మా ఆవిడ దగ్గరికి నడిచొచ్చి, కారుకి ఎదురుగా నిలబడి, "పోనీలేవే. మనకింతే రాసుంది," అన్నారు. అని వెంటనే దగ్గారు. మొహం మీద చెయ్యి అడ్డుపెట్టుకున్నారు.

"ఇదేంటే, ఈ కారు నా మొహాన పొగ ఊదుతోంది? పొయ్యిని మనం ఊదుతాం గానీ, పొయ్యి మనల్ని ఊదుతుందటే? ఇన్నేళ్లు పొయ్యి ముందు కూర్చున్న మొహమే ఇది. పొగ ఎటెళ్తుందో తెలియడానికి కళ్లక్కర్లేదు."

సత్తిబాబు తలెత్తాడు. పళ్లెంలోంచి ఓ అగరొత్తి తీసుకుని కారు ముందు జాలీ దగ్గర పట్టాడు. పొగ తిన్నగా అతని మొహానికే వచ్చింది. పక్కకి జరిగి మళ్లీ పట్టాడు. మళ్లీ అంతే. నాకు అమలాపురంలో చెయ్యి పెట్టి చూసిన గాలి గుర్తొచ్చింది. అంత మెచ్చుకున్నామే, అసలు ఆ గాలి మా చేతులకి తగలకూడదు. ఫ్యాను బయటి చల్లగాలిని రేడియేటరు గుండా లోపలికి లాగాలి. మాది వైర్లు తారుమారై వెనక్కి తిరుగుతూ ఇంజను వేడిగాలిని బయటికి తోస్తోంది. కారు నడుస్తుంటే ఎదురుగాలి లోపలికి వస్తానంటోంది, ఫ్యాను గాలి బయటికి పోతానంటోంది. ఆ రెండూ గుమ్మం దగ్గర కోనసీమ పెద్దమనుషుల్లా, తమరు ముందు దయచేయండంటే తమరు ముందు దయచేయండనుకుంటూ నిలబడిపోయాయి. మధ్యలో రేడియేటరు ఉడికిపోయింది.

"మీ గురువుగారు వైర్లు అటూఇటూ వేశారా?" అన్నాను.

సత్తిబాబు చాలా బాధపడ్డాడు. "అలాగనకండి. ఆయన ఏదో ఆలోచించే వేసి ఉంటారండి. అమలాపురంలో గాలి అలా పనికొస్తుందేమోనండి. ఇక్కడి గాలి వేరండి." అంటూనే వైర్లు విప్పి, దీనిది దానికీ దానిది దీనికీ కలిపాడు. కలిపాక గురువుగారు కట్టిన ముడిలాగే జాగ్రత్తగా ముడి కట్టాడు.

నాలుగోసారి హారతి. మంట ముందుకి వంగింది, కారు జాలీ వైపు చూస్తూ నిలబడింది.

"నిలిచిందా?" అన్నారు అత్తయ్యగారు.

"నిలిచిందండి," అన్నారు వీధంతా ఒక్క గొంతుతో.

"మీరంతా కలిసి అబద్ధమాడినా నాకు తెలియదు కదండి."

ఆవిడన్నది నిజమే. మా ఆవిడ వాళ్ల పెద్దమ్మ పైటచెంగు కొస తీసి జాలీ దగ్గరగా వదిలింది. ఫ్యాను లాగి చెంగుని జాలీకి అతికించేసింది. అత్తయ్యగారు చెంగు లాక్కున్నారు, మళ్లీ వదిలారు, మళ్లీ లాక్కున్నారు. చెంగు నడుముకి దోపుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తడుముకుంటూ వెళ్లి సీట్లో కూర్చున్నారు.

మళ్లీ అమలాపురం

దారిలో ముల్లు లేస్తే ఒట్టు. వాల్వు తీసేశారు కదా, ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది కదా, ఇంజను వేడెక్కడమే మర్చిపోయి నీలం గీత దగ్గర నిద్రపోయింది. నాలుగు బిందెల నీళ్లు మాత్రం ప్రతి గతుకులోనూ మా ఆవిడ చీర మీద పడ్డాయి. గన్నవరం దగ్గర ఆపాల్సిన అవసరం లేక ఆగలేదు. అలా అక్విడక్టుని రెండోసారి కూడా చూడలేదు. అత్తయ్యగారు దారంతా ఏదో స్తోత్రం చదువుకున్నారు. అంబాజీపేటలో ఎండుకొబ్బరి వాసన రాగానే చదవడం ఆపి, "ఇక దగ్గరికొచ్చేసేం," అన్నారు.

గురువారం ఆపరేషను అయింది. శుక్రవారం పొద్దున కట్టు విప్పారు. డాక్టరు వేళ్లు చూపించి ఎన్నని అడిగితే ఆవిడ జవాబివ్వలేదు. ఆయన భుజం మీదుగా గది చివర నిలబడ్డ నన్ను చూస్తున్నారు. మేమందరం భయపడ్డాం.

"అల్లుడుగారేనాండి? మీ జుట్టేదండి?" అన్నారు.

ఆవిడ నన్ను చివరిసారి సరిగ్గా చూసినప్పుడు నాకు జుట్టుండేది. వార్డు అంతా నవ్వింది. మా ఆవిడ మాత్రం గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

వాకిట్లో

ఇంటికొచ్చేసరికి బాబ్జీ భార్య హారతి పళ్లెంతో సిద్ధంగా ఉంది. నల్లకళ్లద్దాలతో దిగిన అత్తయ్యగారు పళ్లెం చూడగానే ఆగారు.

"నాకు తర్వాత. ముందు కారుకి పట్టవే."

"పొగ తగలకూడదన్నారు కదండి అత్తయ్యా," అంది కోడలు.

"తగలదు. ఇంజను ఆన్ చెయ్యండి అల్లుడుగారూ."

నేను తాళం తిప్పాను. ఫ్యాను తిరిగింది. కోడలు జాలీ ముందు పళ్లెం పట్టుకుంది. అత్తయ్యగారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒంగి చూశారు. పొగంతా కారులోకి పోతోంది, ఒక్క పాయ కూడా ఆవిడ వైపు రాలేదు. కర్పూరం మంట నిటారుగా లేచి, జాలీ వైపు కొంచెం వంగి వెలుగుతోంది. ఆవిడ అలా కర్పూరం అయిపోయేదాకా చూశారు.

"అటే ఒంగిందండి. మీరు అబద్ధమాడలేదండి," అన్నారు.

మర్నాడు మేము బయల్దేరేటప్పుడు కొబ్బరికాయలు, అరటిగెల, పనసకాయలు డిక్కీ పట్టనన్ని ఎక్కించారు. అత్తయ్యగారు నా తలుపు దగ్గరికొచ్చారు. ఈసారి బోనెట్ తడుముకోలేదు, తిన్నగా నడిచొచ్చారు.

"ఎడం కన్ను ఒకటి మిగిలిందండి అల్లుడుగారూ. వచ్చే చలికాలం కారు తెస్తారాండి?"

ఆ ఇంజనుతో, ఆ దారిలో, అంతమంది పెద్దమనుషుల మధ్యలోంచి మళ్లీ ఇంత దూరం. ఇంటికి వెళ్లగానే ఆ కారు అమ్మేద్దామని ముందు రోజే మా ఆవిడతో అని ఉన్నాను. అయినా నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

"ఆయ్," అన్నాను.